ఆ చివరి ‘స్’ ఊరికే రాలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రిక ఆగస్టు 9 సంచికలో ‘నేడు ప్రపంచ స్వదేశీ ప్రజల దినోత్సవం’ అని ఒక వ్యాసం వేశారు. మూడు రోజుల తర్వాత దాన్ని ఖండిస్తూ ఒక పాఠకుడి ఉత్తరం వేశారు. రెండూ చదివాను. వ్యాసం రాసినవారికి ఆదివాసుల మీద ప్రేమ ఉంది. ఉత్తరం రాసినాయనకి దేశం ముక్కలవుతుందన్న బెంగ ఉంది. ఇద్దరూ ఒకే తప్పు మీద నిలబడి వాదించుకుంటున్నారు. ‘2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసులకు సార్వభౌమాధికారం ఇచ్చింది, ప్రపంచ దేశాలన్నీ సంతకం చేశాయి’ అని వ్యాసం. ‘అలాగైతే ప్రతి కొండా ఒక దేశమైపోతుంది’ అని ఉత్తరం. ఆ మొదటి వాక్యంలో ‘సార్వభౌమాధికారం’ తప్పు, ‘ఇచ్చింది’ తప్పు, ‘అన్నీ’ తప్పు, ‘సంతకం’ తప్పు. 2007 ఒక్కటే ఒప్పు.

నేను ముప్పై ఏళ్లు చట్టాల కాగితాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చి బతికినదాన్ని. అందుకే మాటలు పట్టుకునే రాస్తున్నాను, చాదస్తం అనుకోకండి. విదేశీ బట్టలు తగలబెట్టిన కాలం నుంచీ తెలుగులో ‘స్వదేశీ’ అంటే సరుకు. మనుషులకి ఆ మాట అంటగట్టడం ఈమధ్య కంప్యూటర్ అనువాదాలతో మొదలైంది. ఆదివాసులు అని బడిపిల్లలకి కూడా తెలిసిన మాట ఉండగా మీ ఉపసంపాదకులు దాన్ని ఎందుకు పక్కన పెట్టారో నాకు అంతుబట్టలేదు.

అసలు చిక్కు దాని పక్కనున్న ‘ప్రజల’ దగ్గర ఉంది. 2009లో ఒక చిన్న స్వచ్ఛంద సంఘం వారు 2007 నాటి ఆ ఐరాస ఆదివాసీ హక్కుల ప్రకటనని తెలుగు చేసిపెట్టమని అడిగారు. 46 అధికరణాలు. పది రోజుల పని అనుకున్నాను. శీర్షిక దగ్గరే రెండు రోజులు ఆగిపోయాను. ఇంగ్లీషులో ‘పీపుల్’ అంటే జనం. చివర ‘స్’ తగిలించి ‘పీపుల్స్’ అంటే, ఒక్కొక్కటీ తనదైన ఉనికి ఉన్న అనేక జనాలు. తెలుగులో ‘ప్రజలు’ అన్నాక ఇక ఏం తగిలిస్తాం? మావారు తెలుగు వ్యాకరణం చెప్పిన మనిషి. ‘ఇప్పటికే బహువచనం కదా, దాని నెత్తిన ఇంకో బహువచనం పెట్టడం కుదరదు. జాతులు అను’ అన్నారు. నాకు భయం వేసింది. జాతి అంటే మనకి గుర్రాల జాతి దగ్గర్నుంచి జాతీయ గీతం దాకా అన్నీ అందులోనే. ఆఖరికి ఆయన మాటే నెగ్గింది. ఆ భయమే సరైన అర్థమని తర్వాత తెలిసింది. ఎందుకంటే ప్రభుత్వాలు కూడా సరిగ్గా అందుకే భయపడ్డాయి.

1966 నాటి రెండు మానవహక్కుల ఒడంబడికలకీ మొదటి అధికరణం ఒకటే: పీపుల్స్ అందరికీ స్వయంనిర్ణయాధికారం ఉంది. కాబట్టి ఆదివాసుల్ని ‘పీపుల్స్’ అని ఒప్పుకుంటే ఆ అధికరణం వాళ్ల చేతికీ వస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి పడిన పాట్లు చూడండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో చేసిన 107వ ఒప్పందంలో వాళ్లు ‘పాపులేషన్స్’, అంటే లెక్కపెట్టాల్సిన జనాభా. 1982 ఆగస్టు 9న జెనీవాలో మొదటిసారి కూర్చున్న ఐరాస కార్యబృందం పేరులోనూ అంతే, పాపులేషన్స్. ఆ రోజే ఇప్పుడు దినోత్సవం అయింది. 1989లో కార్మిక సంస్థ పాత ఒప్పందాన్ని సవరించి 169వ ఒప్పందం చేసింది. అందులో ‘పీపుల్స్’ అని రాశారు. రాసి, మొదటి అధికరణంలోనే, ఈ మాట వాడినంత మాత్రాన అంతర్జాతీయ చట్టంలో ఆ మాటకున్న హక్కులేవీ ఇక్కడికి వచ్చినట్టు కాదు అని ఓ క్లాజు చేర్చారు. పెళ్లికి పిలిచి భోజనానికి కూర్చోవద్దన్నట్టు. 1993ని అంతర్జాతీయ సంవత్సరం అన్నారు, ‘స్’ లేకుండా. 1995 నుంచి దశాబ్దం జరిపారు, అప్పుడూ లేదు. 2000లో శాశ్వత వేదిక పెట్టినప్పుడు గొడవెందుకని మనుషుల్నే తీసేసి దాని పేరు ఆదివాసీ ‘అంశాల’ వేదిక అన్నారు. 2007 సెప్టెంబరు 13న సర్వసభ్య సభ ఆమోదించిన ప్రకటన పేరులో మటుకు, ఏ క్లాజూ లేకుండా, ‘పీపుల్స్’ ఉంది. 1982 నుంచి లెక్కేస్తే ఒక్క అక్షరానికి పాతికేళ్లు.

ఇప్పుడు ‘అన్నీ’, ‘సంతకం’ సంగతి. అది ఒప్పందం కాదు, తీర్మానంతో ఆమోదించిన ప్రకటన. దాని మీద సంతకాలు ఉండవు, ఓట్లే. 144 అనుకూలం, 11 తటస్థం, 4 వ్యతిరేకం. ఆ నాలుగూ ఏవంటే అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. నాలుగూ వలస వచ్చినవాళ్లు ఆదివాసుల నేల మీద కట్టుకున్న దేశాలే కావడం కాకతాళీయం కాదు. 2009లో ఆస్ట్రేలియా, 2010లో మిగతా మూడూ మనసు మార్చుకున్నాయి. ప్రకటన కాబట్టి అది ఒప్పందంలా నేరుగా కట్టిపడేయదు. దేశాలు దాన్ని తమ చట్టంలోకి తెచ్చుకోవాలి. బొలీవియా 2007లోనే తెచ్చుకుంది. వద్దని ఓటేసిన కెనడా 2021లో ప్రకటన అమలుకంటూ ఒక చట్టం చేసింది. నిజంగా కట్టిపడేసేది 169వ ఒప్పందం, కానీ దాంట్లో చేరినవి పాతిక దేశాలు కూడా లేవు, వాటిలో ఎక్కువ లాటిన్ అమెరికావి.

‘ఇచ్చింది’ అన్నది చిన్న తప్పులా కనిపిస్తుంది. ఆ ప్రకటన ఉపోద్ఘాతం ఈ హక్కుల్ని సహజమైనవి అంటుంది, వాళ్ల రాజకీయ, ఆర్థిక, సామాజిక వ్యవస్థల నుంచీ సంస్కృతుల నుంచీ పుట్టినవి అంటుంది. అంటే ఐరాస చేసింది గుర్తించడం. ఇచ్చినవాడికి తీసుకునే హక్కు కూడా ఉంటుంది కదా, అందుకని ఈ క్రియాపదం మీద నాకు పట్టింపు.

సార్వభౌమత్వం అంటే బెంగపడి ఉత్తరం రాసినాయనకి వద్దాం. బాబూ, ఆ ప్రకటనంతా వెతికినా ఆదివాసులకి సార్వభౌమత్వం ఉందని చెప్పే అధికరణం దొరకదు. 3వ అధికరణంలో స్వయంనిర్ణయాధికారం ఉంది. దాని వెంటనే 4వది, ఆ అధికారాన్ని తమ లోపలి, స్థానిక వ్యవహారాల్లో స్వపరిపాలనగా వాడుకోవచ్చని చెబుతుంది. ‘సార్వభౌమ’ అన్న మాట 46లో వస్తుంది, అదీ రాజ్యాలకి విశేషణంగా: సార్వభౌమ, స్వతంత్ర రాజ్యాల ప్రాదేశిక సమగ్రతని విచ్ఛిన్నం చేయడానికి ఈ ప్రకటనలో ఏదీ అనుమతి కాదు. 2006 చివర్లో ఆఫ్రికా దేశాలు మీలాగే బెంగపడి ఓటింగ్ ఆపించాయి. ఆ వాక్యం 2007లో వాళ్ల కోసమే చేరింది. మీ బెంగకి మీకంటే ముందే మందు రాసిపెట్టారు.

అలాగని సార్వభౌమత్వం మాటకి ఆదివాసులతో సంబంధమే లేదని కాదు. అమెరికాలో ప్రభుత్వం గుర్తించిన 570కి పైగా తెగలకి అది రోజువారీ మాట. వాళ్లకి సొంత కోర్టులు, సొంత పోలీసులు ఉన్నారు. 1831లో ప్రధాన న్యాయమూర్తి మార్షల్ వాళ్లని ‘దేశం లోపలి పరాధీన జాతులు’ అన్నాడు. ఆ మరుసటి ఏడాది చెరోకీ అనే తెగ నేల మీద జార్జియా రాష్ట్ర చట్టం చెల్లదని కూడా తీర్పిచ్చాడు. తీర్పు కాగితం మీద ఉంది, 1838లో చెరోకీలని తుపాకులతో తోలుకుపోయారు, దారిలో వేలమంది చచ్చిపోయారు. అయినా ఆ తీర్పు చావలేదు. ఆ వరసలోనే 2020 జులైలో వాళ్ల సుప్రీంకోర్టు, తూర్పు ఓక్లహోమాలో మస్కోగీ క్రీక్ తెగకి పాత ఒప్పందాల్లో రాసిచ్చిన హద్దులు ఎన్నడూ రద్దు కాలేదని, అక్కడి పెద్ద నేరాల్లో ఆదివాసుల్ని విచారించే అధికారం రాష్ట్రానికి లేదని తేల్చింది. ఆ మర్నాడు ఓక్లహోమాలో కొత్త దేశమేదీ పుట్టలేదు. ఏ కేసు ఏ కోర్టుకి పోవాలన్నది మారింది.

ఈ మాట కోసం చెప్పులరిగేలా తిరిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. కెనడాలోని హోడెనోషోనీ అనే ఆరు ఆదివాసీ జాతుల సమాఖ్య తరఫున, ఆ ఆరింటిలో ఒకటైన కయూగా జాతి పెద్ద డెస్కాహే 1923లో తన జాతి ఇచ్చిన పాస్‌పోర్టు పట్టుకుని జెనీవాలో నానాజాతి సమితికి పోయాడు. పేరే నానాజాతి సమితి! మేం మీ రాజుతో ఒప్పందాలు చేసుకున్న జాతి, మీ పౌరులం కాదు, మా మొర వినండి అన్నాడు. పర్షియా, ఐర్లాండ్, పనామా, ఎస్తోనియా ఆయన అర్జీని చర్చకి తేవాలని చూశాయి. బ్రిటన్ అడ్డం పడింది. ఆయన ఇంకా యూరప్‌లో ఉండగానే 1924లో కెనడా అక్కడ ఆయన్ని ప్రతినిధిగా పంపిన వంశపారంపర్య సభని తీసేసి ఎన్నికల సభ పెట్టింది. 1925లో పోయాడు పాపం. 1977లో జెనీవాలో సమావేశానికి వచ్చిన హోడెనోషోనీల పాస్‌పోర్టుని స్విట్జర్లాండ్ ఒప్పుకుంది. 2010లో వాళ్ల లాక్రోస్ జట్టు ప్రపంచ పోటీకి మాంచెస్టర్ పోబోతే అదే పాస్‌పోర్టుని బ్రిటన్ ఒప్పుకోలేదు. ఆ ఆట కనిపెట్టింది వాళ్ల పూర్వులే. జట్టు ఆడకుండా ఉండిపోయింది గానీ, వేరే దేశం పాస్‌పోర్టు తీసుకోలేదు.

నా వృత్తి కొద్దీ నిద్ర పట్టనివ్వనిది ఇంకోటి. 1840 ఫిబ్రవరి 4 రాత్రి న్యూజిలాండ్‌లో హెన్రీ విలియమ్స్ అనే మతబోధకుడూ ఆయన కొడుకూ కూర్చుని, బ్రిటిష్ రాణికీ మావోరీ పెద్దలకీ మధ్య ఒప్పందాన్ని మావోరీ భాషలోకి మార్చారు. ఒక్క రాత్రిలో! వైతాంగి ఒప్పందం అంటే అదే. ఇంగ్లీషు ప్రతిలో మావోరీ పెద్దలు ‘సార్వభౌమత్వం’ రాణికి వదులుకుంటారు. మావోరీ ప్రతిలో ఆ చోట ‘కావనతంగ’ అని ఉంది. గవర్నర్ అన్న మాటని మావోరీ నాలుకకి తిప్పి ‘కావన’ చేసి, దాని మీద కట్టిన మాట, గవర్నరుగిరీ అనుకోండి. రెండో అధికరణంలో మావోరీలకి మిగిలేది ఇంగ్లీషు ప్రకారం భూముల మీద స్వాధీనం, మావోరీ ప్రకారం ‘తినో రంగతిరతంగ’, అంటే పెద్దరికమంతా. గవర్నరు వచ్చి కూర్చుంటాడు, మన పెద్దరికం మనదే అనుకుని 500 మందికి పైగా పెద్దలు గుర్తులు వేశారు. ఇంగ్లీషు ప్రతి మీద నలభై మందైనా వేయలేదు. సరైన మాట ఆయనకి తెలియదా అంటే, 1835లో మావోరీ పెద్దల స్వాతంత్ర్య ప్రకటనని భాషాంతరం చేసింది కూడా ఇదే విలియమ్స్. అందులో సార్వభౌమాధికారానికి ‘కింగితంగ’ (రాచరికం), ‘మన’ అన్న మాటలు వాడాడు. ఈ ‘మన’ తెలుగు మాట కాదు, మావోరీలో అధికారం, ప్రతిష్ఠ. ‘మన’ని వదులుకోమంటే ఏ పెద్దా గుర్తు వేసేవాడు కాదు. తెలిసి చేశాడో, తొందరలో చేశాడో, తోటి అనువాదకురాలిగా తీర్పు చెప్పడానికి నాకు నోరు రాదు. 2014లో వైతాంగి ట్రిబ్యునల్ తేల్చింది మటుకు ఇది: ఆ ఫిబ్రవరిలో గుర్తులు వేసిన పెద్దలు సార్వభౌమత్వాన్ని వదులుకోలేదు. ప్రభుత్వం వెంటనే, రాజ్యం సార్వభౌమత్వంలో సందేహమేం లేదు అంది.

విలియమ్స్ అనువాదం సంగతి చెప్పి నా తప్పు దాచుకోవడం న్యాయం కాదు. ప్రకటనలో 32వ అధికరణం ఉంది. ఆదివాసుల భూముల్ని, వనరుల్ని తాకే ఏ ప్రాజెక్టునైనా ఆమోదించే ముందు, వాళ్లు స్వేచ్ఛగా, ముందుగా, పూర్తి సమాచారంతో ఇచ్చే సమ్మతిని పొందడానికి రాజ్యాలు చిత్తశుద్ధితో సంప్రదించాలి అని దాని సారం. వాక్యం మరీ పొడుగవుతోందని నేను ‘సంప్రదించి వారి అభిప్రాయం తీసుకోవాలి’ అని కుదించాను. పుస్తకం 500 ప్రతులు అచ్చయింది. టైపు చేసిన కుర్రాడు అట్టలు కట్టాక అడిగాడు: ‘మేడమ్, అభిప్రాయం తీసుకోవాలి అంటే, వాళ్లు వద్దు అన్నా ఆ వద్దుని తీసుకుని ఫైల్లో పెట్టుకుని పోవచ్చు కదా?’ నా మొహాన నీళ్లు కొట్టినట్టయింది. ఇద్దరం కూర్చుని 500 ప్రతుల్లోనూ దిద్దుబాటు చీటీలు అంటించాం.

సంప్రదింపుకీ సమ్మతికీ మధ్య ఉన్న ఆ సందులోనే ఇవాళ కేసులన్నీ నడుస్తున్నాయి. ఆ ప్రకటన కూడా అన్ని చోట్లా ఒకేలా లేదు, అది కూడా చెప్పాలి. ఊళ్లు ఖాళీ చేయించడం మీద 10వ అధికరణం ఖండితంగా ఉంది: సమ్మతి లేకుండా తరలింపు లేదు. ప్రాజెక్టుల మీద 32 దగ్గర, సమ్మతి ‘పొందడానికి’ సంప్రదించాలి అని మెత్తబడింది. కష్టపడి అడిగాం, వాళ్లు ఇవ్వలేదు, ఇక మా దారి మాది అని ప్రభుత్వాలు ఆ మెత్తదనంలో దూరతాయి. 2007 నవంబరులో అమెరికా ఖండాల మానవహక్కుల న్యాయస్థానం సురినామ్‌లోని సరమాకా జనం కేసులో, వాళ్ల నేలలో పెద్ద ఎత్తున ప్రభావం చూపే భారీ ప్రాజెక్టులకి సంప్రదింపు చాలదు, సమ్మతి కావాల్సిందే అంది. సరమాకాలు అక్కడ ఆదినుంచీ ఉన్నవాళ్లు కూడా కారు, బానిసత్వం నుంచి తప్పించుకుని అడవిలో జాతిగా నిలదొక్కుకున్న ఆఫ్రికన్ల వారసులు. ఈక్వడార్‌లోని సరయాకు ఊరివాళ్ల అడవిలో, వాళ్లనడక్కుండా, చమురు అన్వేషణ కోసం టన్నుకు పైగా పేలుడు పదార్థం పాతిపెట్టారు. 2012లో ఆ న్యాయస్థానం న్యాయమూర్తులు కోర్టు వదిలి ఆ అడవికి వెళ్లి చూశారు, జూన్‌లో ఊరివాళ్ల పక్షాన తీర్పిచ్చారు. పాతిపెట్టిందంతా తవ్వి తీయడం తీర్పు రాసినంత తేలిక కాలేదు. 169వ ఒప్పందంలో అందరికంటే ముందు చేరిన నార్వే సంగతి కూడా చూడండి. ఫోసెన్‌లో సామీలనే అక్కడి ఆదివాసుల రెయిన్‌డీర్ మేత నేల మీద గాలిమరలకిచ్చిన అనుమతులు చెల్లవని 2021 అక్టోబరులో వాళ్ల సుప్రీంకోర్టే చెప్పింది. 500 రోజుల తర్వాత కూడా మరలు తిరుగుతూనే ఉంటే, 2023 ఫిబ్రవరిలో సామీ యువకులు మంత్రిత్వశాఖలోకి వెళ్లి నేల మీద బైఠాయించారు.

ఉత్తరం రాసినాయన ‘ఈ నేల మీద పుట్టిన అందరం ఆదివాసులమే’ అని కూడా అన్నారు. అది ఆయన సొంతమాట కాదు. ప్రకటనకి అనుకూలంగా ఓటేస్తూ భారత ప్రతినిధి చెప్పినదీ దాదాపు అదే, స్వాతంత్ర్యం నాటికి ఇక్కడున్న జనమంతా, వాళ్ల వారసులంతా మూలవాసులేనని. 1979లోనే పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరుతూ స్వయంనిర్ణయాధికారం పరాయి పాలనలో ఉన్నవాళ్లకే వర్తిస్తుందని మన దేశం షరతు రాసుకుంది. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఆ షరతుకి అభ్యంతరం చెప్పాయి. 1958లో ఆమోదించిన ఆ పాత 107లోనే ఉన్నాం, 169లో చేరలేదు. ‘పాపులేషన్స్’ అన్న ఒప్పందమే మనది. ఇక ఎవరు ముందొచ్చారన్న లెక్క ఒక్కటే ఎక్కడా కొలబద్ద కాదు. 1970ల్లో ఐరాస కోసం సుదీర్ఘ అధ్యయనం చేపట్టిన మార్టినెజ్ కోబో చెప్పినవాటిలో ముఖ్యమైనవి, ఆక్రమణకి ముందటి సమాజంతో తెగని కొనసాగింపు, ఇవాళ ఏలేవాళ్లలో లేకపోవడం, తాము వేరని తామే అనుకోవడం. ఈ చివరిదాన్నే 169వ ఒప్పందం మౌలికమైన గీటురాయి అంది. ఆ మూడూ తనకి వర్తిస్తాయో లేదో ఆయనే చూసుకోవచ్చు.

ఉత్తరం పొడుగైందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే మావారి వ్యాకరణం, గుర్రాలు, లాక్రోస్ తీసేయండి. 32వ అధికరణం ఉన్న పేరాని మటుకు ముట్టుకోకండి, అందులో ‘సమ్మతి’ని ఎవరూ మళ్లీ ‘అభిప్రాయం’ చేయకుండా ప్రూఫ్ చూసేవారికి ఒక మాట చెప్పండి. వ్యాసంలోని ఆ వాక్యానికి సవరణ వేస్తే, వ్యాసం వచ్చిన పేజీలోనే వేయండి. వచ్చే ఆగస్టు 9కి శీర్షిక కావాలంటే ఇదిగో, ‘ప్రపంచ ఆదివాసీ జాతుల దినోత్సవం’. రెండు రోజులు కూర్చుని వెతికిన మాట, డబ్బులేం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత న్యాయ అనువాదకురాలు
(పేరు వేయవద్దని మనవి)